కూలిన కోళ్ల షెడ్డు: పాత పునాదుల మీదే మళ్ళీ కట్టొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కల్వకుర్తి దగ్గర 30 అడుగుల వెడల్పు, 240 అడుగుల పొడవున్న బ్రాయిలర్ షెడ్డు. 2011లో కట్టారు. పదడుగులకో పిల్లర్, రెండు వరుసలు కలిపి 50. పైన ఇనుప ట్రస్సులు (కప్పును మోసే చట్రాలు), సిమెంటు రేకులు. మొన్న మే నెల గాలివానకు సగానికి పైగా పడిపోయింది. పిల్లర్లు కొన్ని మొదలు దగ్గర విరిగాయి, కొన్ని ఒరిగాయి, ఒక చివర నాలుగైదు నిలబడే ఉన్నాయి. మేస్త్రీ "పునాది ఉక్కులెక్క ఉంది సార్, దాని మీదనే పిల్లర్లు లేపుదాం" అంటున్నాడు. మీ బావగారేమో అంతా తవ్వి పారేయమంటున్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా ఇప్పుడే వినకండి.

సూటిగా చెప్తే: 50 ఫుటింగులకూ (పిల్లర్ల కింద భూమిలో ఉండే కాంక్రీటు దిమ్మలకు) కలిపి ఒకే తీర్పు ఉండదు. కొన్ని పనికొస్తాయి, కొన్ని రావు. కాంక్రీటు గట్టిగా ఉందా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న, షెడ్డు ఎందుకు కూలింది అన్నది. ఫుటింగ్ చిన్నదై, బరువు చాలక కూలి ఉంటే ఆ కాంక్రీటు సుత్తికి ఖంగుమన్నా మీకు పనికిరాదు. వచ్చే మే నెలలో మళ్ళీ అదే జరుగుతుంది.

మహబూబ్‌నగర్‌లో ఉంటూ ఇరవై రెండేళ్లుగా షెడ్లు, గోడౌన్లు, రైస్ మిల్లుల డిజైన్లు చేస్తున్నాను. ఈ విషయంలో మొదట నేనే ఒక తప్పు చేశాను. జడ్చర్ల వైపు ఒక షెడ్డు ఇలాగే కూలితే వెళ్లి పునాదులు తవ్వించి చూశాను. కాంక్రీటు చాలా బాగుంది. సుత్తితో కొట్టి, కడిగి, పగుళ్లు లేవని నిర్ధారించుకుని "కట్టుకోండి" అన్నాను. రెండేళ్లు తిరగకముందే ఇంకో గాలికి ఆరు పిల్లర్లు ఫుటింగులతో సహా ముల్లంగి దుంపలు పీకినట్టు పైకి లేచాయి. కాంక్రీటుకు గీత కూడా పడలేదు. రెండుసార్లూ షెడ్డును పడగొట్టింది ఫుటింగ్ సైజు. నేను చూసింది దాని నాణ్యతను మాత్రమే. అప్పటి నుంచి ఏ షెడ్డు దగ్గరికి వెళ్లినా తవ్వే ముందు కాగితం మీద లెక్క వేస్తున్నాను.

ఆ లెక్క మీకూ చెప్తాను, కష్టమేం కాదు.

పునాది అంటే కిందికి వచ్చే బరువును మోసేది అనుకుంటాం. ఇంటికి అది నిజమే. రేకుల షెడ్డుకు మాత్రం పైకి లేవకుండా పట్టి ఉంచడమే పునాది అసలు పని. గాలి భారాల కోడ్ ఐఎస్ 875 మూడో భాగంలో హైదరాబాదుకు ఇచ్చిన మూల వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు 158 కిలోమీటర్లు. మన వైపు షెడ్లకు కూడా నేను అదే తీసుకుంటాను. ఆ వేగంతో వచ్చే గాలి ఒత్తిడి చదరపు అడుగుకు సుమారు 11 కిలోలు. వ్యవసాయ షెడ్డు కాబట్టి కోడ్ కొంత సడలింపు ఇస్తుంది. అది పోను, పక్కలు తెరిచిన షెడ్డు కప్పును పైకి లాగే బలం చదరపు అడుగుకు 9 కిలోలు అనుకుందాం.

మీ షెడ్డులో ఒక్కో పిల్లర్ మీద పడే కప్పు: సగం వెడల్పు 15 అడుగులు, చూరు 3 అడుగులు, మొత్తం 18. దాన్ని పిల్లర్ల మధ్య దూరం 10 అడుగులతో గుణిస్తే 180 చదరపు అడుగులు. గాలి పైకి లాగేది 180 తొమ్మిదుల 1,620 కిలోలు. రేకులు, ట్రస్సు, పర్లిన్ల (రేకుల కింద అడ్డంగా వేసే ఇనుప పట్టీల) బరువు చదరపు అడుగుకు రెండున్నర కిలోలు వేసుకుంటే 450 కిలోలు. అది పోను పిల్లర్‌ను పైకి లాగే బలం 1,170 కిలోలు.

ఇప్పుడు పట్టి ఉంచేది చూడండి. ఆర్‌సీసీ (సలాకలున్న కాంక్రీటు) ఒక ఘనపుటడుగు 70 కిలోలు, మట్టి 48 కిలోలు. తొమ్మిదంగుళాల పిల్లర్ పదడుగులకు దాదాపు 395 కిలోలు తూగుతుంది. ఫుటింగ్ రెండడుగుల చదరం, తొమ్మిదంగుళాల మందం అయితే 210 కిలోలు. దాని మీద అడుగున్నర మట్టి, పిల్లర్ చోటు పోను, 250 కిలోలు. మొత్తం 900 కిలోలు కూడా కావు. లాగేది 1,170. ఇక ఆ షెడ్డు నిలబడాలంటే దేవుడు చల్లగా చూడాలి.

అదే ఫుటింగ్ మూడడుగుల చదరం, అడుగు మందం ఉండి పైన రెండున్నర అడుగుల మట్టి ఉంటే ఫుటింగ్ 630, మట్టి 1,000, పిల్లర్ 395 కలిపి రెండు టన్నులు దాటుతుంది. పైపైన చూస్తే అడుగే తేడా. బరువులో మాత్రం రెండింతలు పైనే.

ఇది మొత్తం డిజైన్ కాదు. గాలి పక్క నుంచి తోసే బలం కూడా ఉంటుంది, అది పిల్లర్ మొదట్లో వంపు తెస్తుంది. షెడ్డు పక్కలకు కట్టే పరదాల సంగతీ ఉంది. గాలి వచ్చే వైపు తెరిచి, అవతలి వైపు పరదాలు దించి కట్టేస్తే లోపలికొచ్చిన గాలికి బయటికి దారి ఉండదు. షెడ్డు బెలూన్ అవుతుంది, పైకి లాగే బలం నేను చెప్పిన దానికంటే పెరుగుతుంది. ఆ రోజు మీ పరదాలు ఎలా ఉన్నాయో మీ పనివాళ్లను ఒకసారి అడగండి. మళ్ళీ చెప్తున్నా, మీ షెడ్డుకు సొంతంగా లెక్క వేసి సంతకం పెట్టే ఇంజినీర్ ఒకరు ఉండాలి. నేను వేసింది మీ ఫుటింగులు ఏ గట్టున ఉన్నాయో తెలుసుకోవడానికే.

శిథిలాలు తీసే ముందు ఒక్క రోజు ఆగండి. ఇది అందరూ తప్పే చోటు. కూలిన మర్నాడే జేసీబీ వస్తుంది. విరిగిన పిల్లర్‌కు గొలుసు కట్టి లాగుతారు. గాలి పాడు చేయని ఫుటింగ్‌ను జేసీబీ పాడు చేస్తుంది. దేవరకొండ వైపు ఒక చోట నేను వెళ్లేసరికి అలాగే చదును చేసి పెట్టారు. ఏది గాలికి ఒరిగిందో, ఏది గొలుసుకు ఒరిగిందో ఎవరికీ తెలియదు. చివరికి అన్నీ తీసేయాల్సి వచ్చింది, అందులో సగమైనా మంచివే అయి ఉంటాయని నా నమ్మకం. ముందు ప్రతి పిల్లర్ మీదా పెయింట్‌తో నంబరు వేయండి. అది ఏ వైపు పడింది, ఎక్కడ విరిగింది, మొదట్లో మట్టి లేచిందా లేదా అన్నది కాగితం మీద గీసుకోండి, ఫొటోలు తీయండి. బీమా ఉంటే సర్వేయర్ చూసే దాకా కదిలించకండి. తర్వాత పిల్లర్లను బ్రేకర్‌తోనో కట్టర్‌తోనో విడదీసి తీయించండి, లాగించవద్దు. సిమెంటు రేకులు పాతవి కాబట్టి ఆస్‌బెస్టాస్ ఉన్నట్టే అనుకోవాలి. తడిపి, ముక్కలు చేయకుండా, మూతికి మాస్కు పెట్టుకుని తీయమనండి.

ఆ కాగితం చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

పిల్లర్ మొదట్లో మట్టి ఉబ్బి, చుట్టూ గుండ్రంగా పగులు పడి, పిల్లర్ విరగకుండా ఒరిగి ఉంటే ఫుటింగ్ లేచినట్టే. బరువు చాలలేదు. అలాంటివి పదిలో మూడు కనిపించినా మిగతా ఏడింటినీ ఉన్నవి ఉన్నట్టుగా నేను వాడనివ్వను. ఎందుకంటే అన్నీ ఒకే సైజు. ఆ ఏడు నిలిచింది పక్కవి ముందు పోయి కప్పు ఎగిరిపోవడం వల్ల కావచ్చు. మీ షెడ్డు చివర నిలబడ్డ నాలుగైదు పిల్లర్ల మీద నాకున్న అనుమానం కూడా ఇదే.

పిల్లర్లన్నీ నిలువుగానే ఉండి ట్రస్సులు మాత్రం ఎగిరిపోయి ఉంటే పైన ట్రస్సును పిల్లర్‌కు పట్టి ఉంచే బోల్టులు, బేస్ ప్లేట్లు పోయాయన్నమాట. పునాదికి దెబ్బ తగలలేదు. కానీ సంబరపడకండి. ఈసారి బోల్టులు గట్టివి పెడితే ఆ లాగుడంతా పునాది దాకా వస్తుంది. పై లెక్క అప్పుడు తప్పనిసరి.

ఒక వరుస మొత్తం ఒకే వైపు కుంగి ఉంటే మట్టి చూడాలి. చూరు నీళ్లు ఏళ్ల తరబడి ఒకే చోట పడి మట్టి కోసుకుపోతుంది. ఇంకోటి పందికొక్కులు. దాణా ఉన్న చోట అవి ఉండక మానవు, ఫుటింగ్ కిందికి బొరియలు తవ్వుతాయి. నవ్వులాటకు చెప్పడం లేదు. షాద్‌నగర్ దగ్గర ఒక షెడ్డులో నా చేతి కర్ర పూర్తిగా ఫుటింగ్ కిందికి వెళ్లిపోయింది.

ఇక పిల్లర్ నేల మట్టం దగ్గర విరిగిపోవడం. మీరు రాసినదాన్ని బట్టి మీ దగ్గర ఎక్కువగా జరిగింది ఇదే, కాబట్టి కొంచెం ఆగి చూద్దాం.

దీనికి రెండు కారణాలు. ఒకటి, సలాకల జోడింపు. ఫుటింగ్ పోసేటప్పుడు సలాకలు నేల మీదికి అడుగో అడుగున్నరో వదిలి, వాటికి పిల్లర్ సలాకలు కట్టి మిగతాది లేపుతారు. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456 ప్రకారం ఎం20 గ్రేడు కాంక్రీటులో ఎఫ్ఈ500 గ్రేడు సలాకకు పూర్తి పట్టు రావాలంటే దాని వ్యాసానికి దాదాపు 57 రెట్ల పొడవు కావాలి. 12 ఎంఎం సలాకకు అది 680 మిల్లీమీటర్లు, అంటే రెండుంపావు అడుగులు. నేరుగా లాగే బలం వచ్చే చోట దానికి రెట్టింపు. అడుగు జోడింపు ఇచ్చిన చోట సలాక తెగదు, రెండు సలాకలూ కాంక్రీటులోంచి ఒకదాని పక్క నుంచి ఒకటి జారిపోతాయి. విరిగిన చోట చూడండి. సలాక చివర నున్నగా బయటికి వచ్చి ఉంటే జారింది. సన్నబడి, సాగి, తెగి ఉంటే అది దాని బలమంతా ఇచ్చి పోయింది. ఈ ఒక్క తేడా తెలిస్తే మేస్త్రీతో సగం వాదన తప్పుతుంది.

రెండోది తుప్పు. బ్రాయిలర్ షెడ్డులో పిల్లర్ మొదలు ఎప్పుడూ చెమ్మగానే ఉంటుంది. పొట్టులో కోళ్ల రెట్ట, దాణాలోని ఉప్పు, బ్యాచ్ పోయాక కడిగే నీళ్లు అన్నీ అక్కడే చేరతాయి. భూమిలో లోతున ఉన్న ఫుటింగ్‌కు గాలి తక్కువ, దాని సలాక చాలా ఏళ్లు బాగానే ఉంటుంది. నేల మట్టానికి పైన అడుగు, కింద అడుగు, ఈ రెండడుగుల మెడ భాగంలోనే చెమ్మ, గాలి, ఉప్పు మూడూ కలుస్తాయి. మేస్త్రీ ఫుటింగ్ తవ్వి ఉక్కులెక్క ఉందంటే అతను అబద్ధం చెప్పడం లేదు. పాడైన చోటు అది కాదు, అంతే.

తుప్పును కంటితో అంచనా వేయకండి. వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకి, సన్న కొలతలు చూపే వెర్నియర్‌తో కొలవండి. 12 ఎంఎం సలాక 11 చూపిస్తే పోయింది ఒక్క మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. సలాక అడ్డకోతలో 16 శాతం పోయినట్టు. నేను పది శాతం దాటితే ఆ సలాకను లెక్కలోంచి తీసేస్తాను. నిలువు సలాకల చుట్టూ కట్టే రింగులు ఇంకా ముందే పోతాయి, అవి సన్నం కాబట్టి. మెడలో రింగులు ముట్టుకుంటే రాలిపోతే ఆ పిల్లర్ గురించి ఇక మాట్లాడుకోవడం అనవసరం.

ఇంకోటి. ఒరిగిన పిల్లర్ల సలాకలు మడత పడి ఉంటాయి. వాటిని పైపుతో వంచి మళ్ళీ నిలబెడతారు, అది ప్రతి సైటులోనూ చూస్తాం. గట్టిగా మడత పడిన సలాకను తిరిగి సరిచేస్తే మడత దగ్గర పగుళ్లు రావచ్చు. చూడ్డానికి నిటారుగా ఉంటుంది, లాగినప్పుడు అక్కడే తెగుతుంది. మడత కింద దాకా కాంక్రీటు కొట్టి, అక్కడికి కోసేసి, మంచి సలాక దొరికిన చోటి నుంచి పూర్తి జోడింపు ఇవ్వాలి. ఫుటింగ్ పైన అంత పొడవు దొరకకపోతే? రంధ్రం వేసి కెమికల్‌తో సలాక నాటుతాం అంటారు. అది పనిచేస్తుంది, కానీ రంధ్రంలో దుమ్ము పూర్తిగా ఊది, బ్రష్ చేసి, మళ్ళీ ఊదాలి. తొమ్మిదంగుళాల ఫుటింగ్‌లో నాటేందుకు లోతు ఎక్కడుంది? పల్చటి ఫుటింగులకు నేను ఈ పద్ధతి ఒప్పుకోను.

తవ్వడం. 50 తవ్వక్కర్లేదు. నాలుగు మూలలు, బాగా దెబ్బతిన్నవి మూడు, నిలబడ్డవాటిలో రెండు, చూరు నీళ్లు పడే వైపు రెండు, ఇలా పది పన్నెండు చాలు. పక్కపక్కవి ఒకేసారి తవ్వొద్దు. చుట్టూ కాకుండా రెండు పక్కలు తవ్వి, ఒక మూలలో అడుగు కనిపించే దాకా వెళ్లి ఆపండి, కిందికి తొలచొద్దు. పీసీసీ బెడ్ (సలాకలు లేని కాంక్రీటు పొర) ఉందా, లేక మట్టి మీదే పోశారా అక్కడ తెలుస్తుంది. గుంతలో నీళ్లు నిలవనీయకండి.

ఎర్ర మట్టి కింద మొరం తగిలితే అదృష్టం. మన వైపు చాలా చోట్ల నాలుగైదు అడుగులకే మొరమో గుండో వస్తుంది, తేలికపాటి షెడ్డుకు అది మోయలేని బరువు ఉండదు. నల్లరేగడి అయితే కథ వేరు. గద్వాల వైపు ఒక పత్తి గోడౌన్‌లో ఫుటింగులు ప్రతి ఎండాకాలం కిందికి, వానాకాలం పైకి కదిలేవి. ఆ కదలికకే ప్లింత్ బీములు (నేల మట్టం దగ్గర పిల్లర్లను కలిపేవి) పగిలాయి. గాలి చివరి తోపు మాత్రమే తోసింది. అక్కడ పాత ఫుటింగులను బాగు చేయడంలో అర్థం లేదు, లోతుకు వెళ్లే పైల్ పునాదులు వేయించాం.

మీ మట్టి ఉబ్బేదో కాదో ఇంట్లోనే స్థూలంగా చూసుకోవచ్చు. ఎండిన మట్టిని మెత్తగా పొడి చేసి జల్లించి, కొలత గీతలున్న రెండు గాజు జాడీల్లో పదేసి గ్రాములు వేయండి. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో కిరోసిన్. బాగా కలిపి ఒక రోజు కదపకండి. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. నీళ్లలో ఉన్నది దానికన్నా సగం పైన ఎక్కువ ఎత్తు చూపిస్తే అది ఉబ్బే మట్టి, పునాది గురించి జాగ్రత్త పడాలి. ల్యాబ్‌లో చేసే ఫ్రీ స్వెల్ పరీక్ష కూడా ఇదే.

తవ్విన ఫుటింగ్‌ను ఏం చేయాలంటే, ముందు మట్టి పోయేలా కడగండి. తర్వాత ఎండనివ్వండి, కానీ పక్కకు వెళ్లిపోకండి. పైన ఆరిపోతున్నప్పుడు పగుళ్లు నీళ్లను పట్టుకుని నల్లటి గీతల్లా పదిహేను ఇరవై నిమిషాలు కనిపిస్తాయి. పూర్తిగా ఆరాక వెతికితే దొరకవు. ఆ గీతల మీద సుద్దముక్కతో గీయండి. వెంట్రుక మందం పగుళ్లకు టెన్షన్ వద్దు. ఏటీఎం కార్డు మందం 0.76 మిల్లీమీటర్లు. కార్డు అంచు పగులులో దూరితే ఆ ఫుటింగ్ పక్కన పెట్టేయండి. పిల్లర్ మూల నుంచి ఫుటింగ్ అంచుకు ఏటవాలుగా వెళ్లే పగులు ఎంత సన్నదైనా వదలొద్దు, పిల్లర్ ఫుటింగ్‌ను చీల్చుకుని కదిలిన గుర్తు అది.

సుత్తి తర్వాత. కిలో సుత్తితో వరుసగా కొట్టుకుంటూ వెళ్తే ఖంగుమనే చోటు, డొల్లగా పలికే చోటు చెవికి తెలుస్తాయి. డొల్లగా పలికితే లోపల పొర విడిపోయిందో, కంకర మధ్య ఖాళీలున్నాయో. ఒక మూల చెక్క ఊడగొట్టి చూడండి. పగిలింది కంకర రాయి మధ్య నుంచి అయితే సిమెంటు బాగా పట్టింది. రాళ్లు గుండ్రంగా ఊడి వస్తే, వేలితో రుద్దితే ఇసుక రాలితే ఆ కాంక్రీటులో సిమెంటు తక్కువ, లేదా నీళ్లు ఎక్కువ. ఆ కొత్త ముక్క మీద ఫినాల్ఫ్తలీన్ ద్రావణం చుక్కలు వేస్తే గులాబీ రంగు రావాలి. రంగు రాని మందం సలాక దాకా వెళ్లిందంటే తుప్పు పట్టడానికి దారి తెరుచుకున్నట్టే. మెడ భాగంలో ఈ పరీక్ష తప్పకుండా చేయండి.

రీబౌండ్ హామర్ (కాంక్రీటుకు తగిలి ఎంత వెనక్కి ఎగురుతుందో చూపే పరికరం) గురించి అడిగారు. అది ఒక ఫుటింగ్‌ను ఇంకోదానితో పోల్చడానికి బాగుంటుంది, బలం ఇంత అని చెప్పడానికి కాదు. అంచనాలో 25 శాతం అటూ ఇటూ తేడా రావచ్చని ఆ పరీక్ష పాత కోడ్ ఐఎస్ 13311లోనే ఉంది. పైగా తడిసిన కాంక్రీటు మీద తక్కువ చూపిస్తుంది. అసలు బలం తెలియాలంటే కోర్, అంటే గుండ్రటి కాంక్రీటు ముక్క, కోసి తీయాలి. కనీసం మూడు కోర్లు. సగటు అనుకున్న గ్రేడులో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదని ఐఎస్ 456 అంటుంది.

కానీ ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్పాలి. రైస్ మిల్లు పునాది అయితే కోర్లు, అల్ట్రాసోనిక్ పరీక్షలు అన్నీ చేయిస్తాను. రెండు మూడు అడుగుల షెడ్డు ఫుటింగ్‌కు ఆ ఖర్చు దండగ. సుత్తికి, కడగడానికి, వెర్నియర్‌కు నిలబడని ఫుటింగ్‌ను పరీక్షించడం కంటే కొత్తది పోయడం చవక. అనుమానం ఉంటే తీసేయండి, ల్యాబ్‌కు పంపొద్దు.

నల్గొండ వైపు నుంచి అడిగేవాళ్లు ఎప్పుడూ ఒకటి అడుగుతారు, మీరూ అడిగారు: మా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ, దానివల్ల కాంక్రీటు పాడైందా అని. ఆ నీళ్లు ఎముకలకు చేసిన చేటు మన జిల్లాలకు తెలిసిందే. కానీ పునాది విషయంలో నేను ఫ్లోరైడ్ రిపోర్టు అడగను, క్లోరైడ్, సల్ఫేట్ రిపోర్టు అడుగుతాను. సలాకలున్న కాంక్రీటు కలిపే నీళ్లలో క్లోరైడ్ లీటరుకు 500 మిల్లీగ్రాములు, సల్ఫేట్ 400 దాటకూడదు. బోరు నీళ్లు నాలుకకు ఉప్పగా తగిలినా, నేల మీద తెల్లటి చౌడు పేరుకున్నా కొత్త కాంక్రీటుకు ఆ నీళ్లు వాడే ముందు పరీక్ష చేయించండి.

ఇప్పుడు నిర్ణయం. తవ్విన పది పన్నెండింటిలో ఫుటింగులు లెక్కకు సరిపడే సైజు ఉండి, మట్టంలో తేడా లేకుండా, పగుళ్లు లేకుండా ఉంటే, మిగతావాటికి కూడా మెడ దాకా తవ్వి సలాకలు కొలిచి, మంచివాటిని ఉంచుకోవచ్చు. మట్టం లెవెల్ పైపుతోనే చూసుకోవచ్చు. పిల్లర్ కాంక్రీటును ఫుటింగ్ పైభాగం దాకా కొట్టి, మంచి సలాకలు బయటపెట్టి, పూర్తి జోడింపు ఇచ్చి కొత్తగా లేపండి. పాత పిల్లర్ మొండెం మీద కొత్త పిల్లర్ అతికించడం మాత్రం వద్దు.

సైజు చాలకపోతే రెండు దారులు. ఒకటి, పాత ఫుటింగ్ చుట్టూ గరుకు చేసి, సలాకలు నాటి, కాంక్రీటు కాలర్ పోసి పెద్దది చేయడం. పుస్తకాల్లో బాగుంటుంది. 50 గుంతల్లో మేస్త్రీ ఓపికగా గరుకు చేసి, దుమ్ము ఊది, తడిపి పోస్తాడన్న నమ్మకం నాకు లేదు.

రెండోది నేను ఎక్కువగా చేయించేది. పాత ఫుటింగులను వాటి మానాన భూమిలో వదిలేసి, పిల్లర్ల వరుసను ఐదడుగులు జరపండి. పాత రెండింటి నడుమ కదలని మట్టిలో మూడడుగుల కొత్త ఫుటింగ్ వస్తుంది. పాతది రెండడుగులదైతే మధ్యలో ఇంకా రెండున్నర అడుగుల మట్టి మిగులుతుంది, గుంత తవ్వినప్పుడు ఒకదాన్నొకటి కదపవు. పాత పిల్లర్ మొండేలను నేల మట్టానికి కింది దాకా కోసేస్తే సరి. తవ్వి తీసే ఖర్చు ఉండదు, ఆ గుంతలను పూడ్చిన వదులు మట్టి మీద కట్టే ప్రమాదమూ ఉండదు. చివర్లలో సగం బే (రెండు పిల్లర్ల మధ్య దూరంలో సగం) తేడా వస్తుంది, షెడ్డు ఒక్కో చివర ఐదడుగులు పొడుగో పొట్టో అవుతుంది. దానికి మీరు ఒప్పుకుంటే మీ బావగారికీ మేస్త్రీకీ ఇద్దరికీ సర్దిచెప్పొచ్చు. కొత్త ఫుటింగ్ మీద మట్టిని అరడుగు పొరలుగా వేసి, తడిపి, దిమ్మిసతో కొట్టించండి. లెక్కలో ఆ మట్టి బరువు వెయ్యి కిలోలు వేసుకున్నాం, వదులుగా పోస్తే అది వానకు కుంగి కొట్టుకుపోతుంది. వరుసను ప్లింత్ బీముతో కలిపితే ఒక్క పిల్లర్ విడిగా లేవదు.

వానలు పడకముందే కనీసం మూలల నాలుగు తవ్వించండి. రాత్రి గుంతల మీద పాత రేకులు కప్పి పెట్టండి. చూశాక ఇవి రాయండి: ఫుటింగ్ పొడవు, వెడల్పు, మందం, నేల మట్టం నుంచి అడుగు దాకా లోతు, కింద మట్టి ఎర్రదా, నల్లదా, మొరమా, విరిగిన చోట గీకిన సలాక వ్యాసం, దాని చివర జారిందా తెగిందా, 50లో ఎన్నింటి చుట్టూ మట్టి లేచింది. ఆ కాగితం ఫొటో పెడితే మీ కొలతలతో పైన వేసిన లెక్కను మళ్ళీ వేసి చూపిస్తాను.